సిఫారసు వ్యాపారము: అందు నిలిచి లాభించు మార్గము

సంతకు ఎడ్లను కొనబోవు రైతు, పశువుల సంగతి తెలిసిన పెద్దమనిషి నొకనిని వెంటబెట్టుకొని పోవుట మన పల్లెలలో ఎప్పటినుండియో ఉన్న ఆచారము. ఆయన పండ్లు చూచి, నడక చూచి, మెడమీది కాడిమచ్చ చూచి, "ఇది తీసికొనవచ్చును" అన్న తరువాతగాని రైతు చేయి రొంటికి పోదు. బేరము కుదిరిన పిమ్మట ఆ పెద్దమనిషికి కొంత ముట్టుటయు కద్దు. కొన్నవాడు నలుగురి యెదుట ఇచ్చినచో అది శ్రమకు ప్రతిఫలము. అమ్మినవాడు తువాలుచాటున చేతిలో పెట్టినచో దానికి పేరు వేఱు. ఈ రెంటికి గల భేదము చదువురానివానికిని తెలియును. నేటి పాఠమునకు ఈ భేదమే పునాది.

ఆ పెద్దమనిషి చేయు పనినే ఇప్పుడు ఫోనుల ద్వారా జరుపు వ్యాపారమొకటి కలదు. దానిని అఫిలియేటు మార్కెటింగు అందురు. మన మాటలలో సిఫారసు వ్యాపారమనిన సరిపోవును. మన సభ్యుల కుమారులలోను, కుమార్తెలలోను చదువు ముగించి ఇంటియొద్ద నున్నవారు కొందఱు దీనియందు ప్రవేశింపగోరుచున్నారు. "ఇంట కూర్చుండి నెలకు లక్ష గడింపవచ్చునట, నిజమేనా?" అని కొందఱు తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. "ఇదియంతయు మోసమట, పిల్లవానిని మాన్పింపవలెనా?" అని మఱికొందఱు అడుగుచున్నారు. మొదటివారి ఆశయు, రెండవవారి భయమును రెండును హద్దుమీరినవే. ఓర్పుతో, నిజాయితీతో చేసినచో ఇది సేద్యమునకు తోడుగా కొంత ఆదాయము నిచ్చు పని. ఆ రెండును లేనియెడల చేయువానికిని, అతని మాట విన్నవారికిని నష్టము తెచ్చు పని. దీనిని ఎట్లు చేయవలెనో, ఎచ్చట జాగ్రత్తపడవలెనో క్రమముగా వివరించెదము.

1. వ్యాపార స్వరూపము

ఈ వ్యాపారమున ముగ్గురు కలరు: వస్తువును అమ్మువాడు, కొనువాడు, నడుమ సిఫారసు చేయువాడు. అమ్మకపు సంస్థ తన పథకమున చేరిన ప్రతి సిఫారసుదారునికిని ఒక గుర్తు నిచ్చును. వస్తువును చూపు లింకులో ఆ గుర్తు ఇమిడియుండును. సిఫారసుదారుడు వస్తువును గూర్చి వ్రాసియో, వీడియో తీసియో, క్రింద ఆ లింకు నుంచును. చదివినవారు దానిని నొక్కి వస్తువును కొన్నచో, సంస్థ తన లాభమునుండి కొంత శాతమును కమీషనుగా అతనికి చెల్లించును. కొనువాడు సాధారణముగా అందుకై అధికముగా ఏమియు ఇచ్చుకొనడు.

ఈ పద్ధతి అంత క్రొత్తది కాదు. 1989లో అమెరికా దేశమున విలియం టోబిన్ అను వర్తకుడు ప్రాడిజీ అను కంప్యూటరు సేవద్వారా పూవులమ్ముచు, ఆ సేవవారికి అమ్మకముపై కమీషను చెల్లించు ఏర్పాటు చేసికొనెను. 1996 జూలైలో, నాడు పుస్తకములమ్ముచుండిన అమెజాను సంస్థ సామాన్యులు కూడ చేరదగిన పథకమును పెట్టెను. అటుపిమ్మట ఈ పద్ధతి లోకమంతట వ్యాపించి మన దేశమునకును వచ్చినది.

చేరగోరువారు మూడు సంగతులను ముందే తెలిసికొనవలెను. మొదటిది గడువు. లింకును నొక్కిన క్షణమున కొనువాని ఫోనులో కుకీ అను చిన్న గుర్తు నిలుచును. దానికి ఆయుఃపరిమితి కలదు. అమెజాను పథకమున అది సాధారణముగా 24 గంటలు. ఇతర సంస్థలలో కొన్నిదినములు కావచ్చును. ఆ గడువులోపల కొననిచో కమీషను లేదు. రెండవది వరుస. ఇద్దఱి లింకులను ఒకరి తరువాత ఒకరివి నొక్కి కొన్నయెడల, చాల పథకములలో కడపటి లింకువానికే ఫలము దక్కును. మూడవది వాపసు. కొన్నవాడు వస్తువును తిప్పిపంపినచో వ్రాసిన కమీషనును కొట్టివేయుదురు. కావున పుస్తకమున కనబడు మొత్తమును చేతికి వచ్చిన సొమ్ముగా ఎంచరాదు.

2. ఇందలి మూలధనము

వస్తువు మనది కాదు. కొట్టును, గిడ్డంగియు మనవి కావు. మనకు ఉన్నది మాట యొక్కటియే. మాటమీద నమ్మకము పోయినచో ఈ వ్యాపారమున మూలధనమే పోయినట్లు. దీనిని నేను పుస్తకమున చదివి చెప్పుటలేదు. నష్టపడి నేర్చుకొని చెప్పుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట దాళ్వా కోతలకు ముందు నేనును ఈ పనిలో చేరితిని. కల్లములో ధాన్యముపై కప్పు టార్పాలిన్ పట్టా యొకటి ఫోనులో చౌకగా కనబడెను. బొమ్మ చూచితిని, క్రింద ఎవరెవరో వ్రాసిన మెచ్చుకోలు చదివితిని. "గట్టి పట్టా, చుక్క దిగదు" అని వ్రాసి, లింకు చేర్చి, ఊరివారి వాట్సాపు గుంపున ఉంచితిని. ముగ్గురు కొనిరి. ఒక్కొక్కటి రు. 2,000లు. నూటికి 5 చొప్పున నాకు మొత్తము రు. 300లు వ్రాయబడెను.

వైశాఖమున ఒకనాటి రాత్రి అకాలవర్షము కురిసెను. ఆ పట్టా అతుకులయందు కుట్టు సందులు విడిచియుండెను. ముగ్గురిలో ఒకరు, నేను బాబాయీ అని పిలుచు కౌలురైతు, తెల్లవారి పట్టా తీసి చూచుసరికి రాశి అడుగుదాక నీరు దిగియుండెను. ఆరబోయుటకు ఎండ రాలేదు. మూడవనాటికి గింజ మొలక కనబడెను. కొనుగోలు కేంద్రమున ధాన్యమునకు 17 శాతమునకు మించిన తేమ పనికిరాదు గదా! ఆయన నా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండి ఒక్కమాట అడిగెను.

"అబ్బాయీ, ఆ పట్టా నీవు కప్పి చూచితివా?"

"లేదు బాబాయీ" అంటిని.

ఆయన మఱేమియు అడుగలేదు. నష్టపరిహారమడిగినను నాకు కొంత ఊరట కలిగియుండెడిది. ఆ రు. 300లును, నా చేతినుండి మఱికొంతయు ఆ ముగ్గురికి ఇచ్చితిని. పోయిన పంట తిరిగి రాలేదు. రెండేండ్లవరకు ఆయన ఏ వస్తువును గూర్చియు నన్ను సలహా అడుగలేదు. ఇక్కడ వ్రాసిన నియమములలో పెక్కింటిని ఆ ఉదయమున నేర్చితిని.

3. ఏ వస్తువును ఎన్నుకొనవలెను

తాను వాడి చూడని వస్తువును సిఫారసు చేయరాదు. ఇది మొదటి నియమము. వాడుట యనగా ఒకసారి పెట్టె విప్పి చూచుట కాదు. ఆ వస్తువు ఏ పనికై యున్నదో ఆ పనిలో, ఒక పనికాలమైనను వాడవలెను. కొనుటకు శక్తి లేనియెడల వాడుచున్న రైతుయొద్దకు పోయి, చూచి, అడిగి, "నేను వాడలేదు, వాడినవారిని అడిగి చెప్పుచున్నాను" అని స్పష్టముగా వ్రాయవలెను.

తనకు తెలిసిన రంగమును విడువరాదు. పల్లెలో పెరిగిన యువకుడు పట్టణపు గడియారములను, చెప్పులను గూర్చి వ్రాసిన అతనికంటె బాగుగా వ్రాయువారు వేలకొలది కలరు. పాలడబ్బా ఎన్ని నెలలకు తుప్పు పట్టునో, ఏ కొడవలి పిడి ఊడిపోవునో, ఏ టార్చిలైటు రాత్రి నీరు పెట్టబోవునపుడు మంచుకు ఆగునో అతనికి తెలిసినట్లు వారికి తెలియదు. ఆ ఎఱుకకే విలువ.

విత్తనములు, ఎరువులు, పురుగుమందులు ఈ మూటిని మాత్రము సిఫారసు వ్యాపారములోనికి తేకుండుటయే మేలని మా అభిప్రాయము. టార్చి చెడినచో తిప్పిపంపవచ్చును. విత్తనము చెడిన సంగతి తెలియుసరికి అదను దాటిపోవును. వెల తిరిగి వచ్చినను కారు తిరిగి రాదు. అంతియేగాక వీని అమ్మకము 1968 నాటి కీటకనాశనుల చట్టమునకును, 1983 నాటి విత్తనముల ఉత్తరువునకును, 1985 నాటి ఎరువుల ఉత్తరువునకును లోబడినది. లైసెన్సు గలవారే అమ్మవలెను. వీనిని గూర్చి అడుగువారిని వ్యవసాయాధికారియొద్దకో, కృషి విజ్ఞాన కేంద్రమునకో పంపుట మర్యాద. అట్లు పంపుటవలన కమీషను రాదు గాని, మాటకు బరువు వచ్చును.

కమీషను శాతమును చూచి వస్తువును ఎన్నుకొనుట మఱియొక పొరపాటు. నూటికి 10 ఇచ్చు నాసి వస్తువుకంటె నూటికి 3 ఇచ్చు గట్టి వస్తువు మేలు. నాసి వస్తువు వాపసు వచ్చును, లేదా కొన్నవాడు మరల మన మాట వినడు.

4. సిఫారసు వ్రాయు విధము: ఒక మాదిరి

చేతితో కొట్టు పనిలేక బ్యాటరీతో నడచు మందుకొట్టు పంపును మాదిరిగా గైకొందము. "అద్భుతమైన పంపు, నేడే కొనుడు" అని వ్రాసినచో చదివినవానికి ఏమియు తెలియదు. రైతు తెలిసికొనగోరు సంగతులు ఇవి:

బరువు: 16 లీటర్ల తొట్టి నింపినచో నీరే 16 కిలోలు. పంపు బరువుతో కలిసి వీపుమీద 20 కిలోలు దాటును. ఇంటిలో తూచి చెప్పవలెను. నడివయసు దాటినవారు మడిలో దానిని మోసికొని నడువగలరా, భుజపట్టీ ఒరుసుకొనునా, అది వ్రాయవలెను.

బ్యాటరీ: ఒకసారి చార్జి చేసిన ఎన్ని తొట్లు కొట్టవచ్చును? క్రొత్తలో ఎన్ని, పనికాలము చివర ఎన్ని? పెట్టెమీది అంకెను గాక, మనము లెక్కించిన అంకెను వ్రాయవలెను. సీసపు బ్యాటరీని ఖాళీచేసి నెలలతరబడి అటుకమీద పడవేసిన చెడిపోవును. పని లేని కాలమునను అప్పుడప్పుడు చార్జి పెట్టవలెనని చెప్పవలెను.

మరమ్మతు: నాజిలు, వాషరు, గొట్టము మండల కేంద్రమున దొరకునా? దొరకనియెడల పంపు ఎంత మంచిదైనను ఆ మాట ముందుగా చెప్పవలెను.

లోపము: ప్రతి వస్తువునకును లోపముండును. మూతయొద్ద కారునా? మీట గట్టిగా నుండునా? లోపము చెప్పిన అమ్మకము తగ్గునని భయపడనక్కఱలేదు. లోపము తెలిసి కొన్నవాడు వాపసు పంపడు.

ఎవరికి వలదు: అరయెకరము కూరగాయలు గలవానికి పాత చేతిపంపే చాలునేమో. అట్లయిన అదియే వ్రాయవలెను. "నీకిది అక్కఱలేదు" అని చెప్పగలిగిన సిఫారసుదారుని మాటయే రైతు నమ్మును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. 2,4-డి వంటి కలుపుమందు కొట్టిన పంపును పత్తిచేలో వాడినచో, తొట్టిలో మిగిలిన కొద్దిపాటి మందుకే పత్తి ఆకులు వికారమై పైరు దెబ్బతినును. కావున కలుపుమందునకు వేఱు పంపు ఉండవలెననుట సత్యమైన సలహా. కాని ఆ సలహావలన రెండవ పంపు అమ్ముడై మనకు కమీషను వచ్చును. అప్పుడేమి చేయవలెను? సలహాను దాచరాదు. చెప్పి, దానితోపాటు చౌక మార్గమును గూడ చెప్పవలెను: ఇద్దఱు ముగ్గురు ఇరుగుపొరుగువారు కలిసి కలుపుమందునకు ఒక పాత పంపును ఉమ్మడిగా ఉంచుకొనవచ్చునని. మన లాభమును, ఎదుటివాని లాభమును ఒకదానితో ఒకటి పెనగొనియున్న చోట, మనకు లాభములేని మార్గమును కూడ చూపినవానికి సందేహము తగులదు.

5. అదను

పైరునకు అదనున్నట్లే సిఫారసునకును అదను కలదు. వరికోతలకు నెల ముందు పట్టాలను గూర్చి వ్రాయవలెను. కోత మొదలైన పిమ్మట వ్రాసినచో కొన్న వస్తువు చేరుసరికి పని ముగియును. తొలకరికి ముందు పంపులు, గొట్టములు. చలికాలమునకు ముందు పశువుల పాకకు కావలసినవి. వేసవికి ముందు నీటితొట్లు, నీడవలలు. ఒక కాగితముమీద పండ్రెండు నెలలు వ్రాసి, ప్రతి నెలకెదురుగా ఆ ప్రాంతపు రైతు ఏమి కొనునో వ్రాసికొన్నచో సంవత్సరమునకు చాలిన పాఠక్రమము ఏర్పడును.

వ్రాసినదానిని వ్రాసినట్లు విడువరాదు. ధర మారును, వస్తువు తయారీ మారును. ఏడాదికొకసారియైన పాతవానిని తిరిగి చదివి, పనికిరానివానిని తీసివేయవలెను. చదివినవారు అడిగిన ప్రశ్నలకు ఓర్పుతో సమాధానము చెప్పవలెను. ఆ ప్రశ్నలే తరువాతి వ్యాసమునకు విషయములగును.

6. కమీషను సంగతి దాచరాదు

తువాలుచాటు బేరము ఇందు పనికిరాదు. "ఈ లింకుద్వారా కొన్నచో నాకు కమీషను ముట్టును" అను వాక్యమును లింకునకు ముందే, కంటబడునట్లు, తెలుగులో చెప్పుచున్నపుడు తెలుగులోనే చెప్పవలెను. వీడియో అయినచో నోటితోను చెప్పవలెను, తెరమీదను చూపవలెను. ఇది మంచితనమునకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద కేంద్రప్రభుత్వము 2022 జూన్ 9న మోసపు ప్రకటనలను గూర్చి మార్గదర్శకములను ప్రకటించినది. 2023 జనవరిలో, ఫోనులద్వారా సిఫారసు చేయువారు తమకు ముట్టు ప్రతిఫలమును ఎట్లు తెలుపవలెనో వివరించు చిన్న పుస్తకమును వెలువరించినది. అబద్ధపు సిఫారసు చేసినవానికి ఆ చట్టము క్రింద రు. 10 లక్షలవరకు, మరల చేసిన రు. 50 లక్షలవరకు జరిమానా విధింపవచ్చును. ఏడాదివరకు, మరల చేసిన మూడేండ్లవరకు, ఏ సిఫారసును చేయకుండ నిషేధింపవచ్చును.

కమీషను సంగతి చెప్పిన జనులు కొనరను భయము అనుభవమున నిలువదు. నేను తిరిగి ఈ పని మొదలిడినపుడు ప్రతి సిఫారసునకును ముందు ఆ వాక్యమును వ్రాయసాగితిని. దానిని చదివి మానుకొన్నవారు ఉండవచ్చును. కాని దాచితివని నన్ను నిందించినవారు లేరు.

7. లెక్క

ఆశకు హద్దు వేయునది లెక్క. నేర్చుకొనుటకై కొన్ని అంకెలు వేసికొందము. ఇవి ఉదాహరణకు మాత్రమే. ఒక పంపు వెల రు. 3,000లు, కమీషను నూటికి 4, అనగా అమ్మకమునకు రు. 120లు. మన వ్రాతను వేయిమంది చూచిరనుకొందము. అందు 50 మంది లింకును నొక్కిరి. ఇద్దఱు కొనిరి. ఒకరు వాపసు పంపిరి. వేయిమంది చూడగా మనకు మిగిలినది రు. 120లు. ఈ చొప్పున ఏడాదికి రు. 12,000లు, అనగా నెలకు రు. 1,000లు రావలెనన్న, నూరు అమ్మకములు నిలువవలెను, లక్షమంది చూడవలెను. పరీక్షకై మనము కొన్న పంపు వెల, ఫోను రీచార్జి, మన కాలము అందులోనుండి తీసివేయవలెను. నెలకు లక్ష యను మాట ఎంత దూరమో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

అందుచేత ఈ పనికై అప్పు చేయరాదు. పొలము కౌలుకిచ్చి దీనిమీద ఆధారపడరాదు. మొదటి సంవత్సరమును నేర్చుకొను సంవత్సరముగా భావింపవలెను. ఒకే సంస్థను నమ్ముకొనరాదు. కమీషను శాతమును తగ్గించు హక్కు ఆ సంస్థదే. చేరునపుడు సంస్థవారి ఒప్పందమును ఆసాంతము చదువవలెను. తన లింకుద్వారా తానే కొని కమీషను పుచ్చుకొనుటను అమెజాను వంటి పథకములు ఒప్పవు. లింకును ఎచ్చట పెట్టవచ్చునో, ఎచ్చట పెట్టరాదో కూడ అందు వ్రాసియుండును.

ఒక నోటుపుస్తకమున నాలుగు గడులు గీచి, తేదీ, వస్తువు, వ్రాయబడిన కమీషను, చేతికి వచ్చిన కమీషను అని వ్రాసికొనవలెను. మూడవ గడికిని నాలుగవ గడికిని భేదము ఏ వస్తువునందు ఎక్కువగా నున్నదో ఆ వస్తువు వాపసు వచ్చుచున్నదని అర్థము. దానిని సిఫారసునుండి తొలగింపవలెను. పన్ను సంగతియు మఱువరాదు. వ్యవసాయాదాయమునకు కేంద్రపు ఆదాయపు పన్ను లేదు గాని, ఈ కమీషను వ్యవసాయాదాయము కాదు. చెల్లించు సంస్థ మూలమునందే కొంత పన్ను కోసికొని జమకట్టుటయు కద్దు. పాన్ సంఖ్య నిచ్చినచో, మన ఆదాయము పన్నుహద్దునకు లోపల నున్నయెడల ఆ కోతను రిటర్ను దాఖలుచేసి తిరిగి పొందవచ్చును.

8. మోసములను గుర్తించుట

ఈ వ్యాపారము పేరుతో జరుగు మోసములు వేఱు. వానిని గుర్తించుటకు నాలుగు ఆనవాళ్లు చాలును.

చేరుటకు రుసుము అడిగినచో సందేహింపవలెను. పేరుపొందిన విక్రయసంస్థలు సిఫారసుదారులయొద్ద ప్రవేశరుసుము పుచ్చుకొనుటలేదు.

వస్తువు నమ్మినందుకుగాక, మనుష్యులను చేర్చినందుకు సొమ్ము వచ్చునన్నచో అది గొలుసు మోసము. 1978 నాటి చట్టము ధనచలామణి పథకములను నిషేధించినది. 2021 డిసెంబరులో వచ్చిన నేరువిక్రయముల నిబంధనలును గొలుసు పథకములను నిషేధించినవి.

"వీడియోలను మెచ్చుకొన్న సొమ్ము ఇత్తుము" అని మొదట రెండు మూడు వందలు ఇచ్చి, పిమ్మట పెద్ద మొత్తమును డిపాజిటు చేయుమన్నచో అది ఎర. మొదట వచ్చిన ఆ రెండు వందలు గాలమునకు గ్రుచ్చిన వానపాము వంటివి.

శిక్షణ పేర వేలకొలది రూపాయలు పుచ్చుకొని, ఆ శిక్షణనే ఇతరులకు అమ్ముమని నేర్పువారిని దూరముగా నుంచవలెను. సొమ్ము పోయినచో సిగ్గుపడి ఇంట కూర్చుండక వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన సొమ్మును నిలుపుటకు అంత అవకాశము కలదు.

సిఫారసుదారులే మోసగించుటయు కలదు. అమెరికాలో ఈబే సంస్థకు సిఫారసుదారులైన ఇద్దఱు, జనులు లింకు నొక్కకున్నను వారి యంత్రములలో తమ కుకీ గుర్తును చాటుగా చొప్పించి కమీషను లాగిరని 2010లో నేరారోపణ జరిగినది. నేరమొప్పుకొనగా 2014లో ఇరువురికిని కారాగారశిక్ష పడినది. యంత్రమును మోసగింపవచ్చునని తలచువారు, లెక్కలు కూడ యంత్రమే వ్రాయునని మఱచుచున్నారు.

9. సంఘము చేయదగినది

మన దేశమున సహకార సంఘములు 1904 నాటి చట్టముతో ఆరంభమైనవి. అప్పులవాని వడ్డీనుండియు, దళారి తరుగులనుండియు రైతును తప్పించుట మన ఉద్యమపు తొలి ఆశయములలో నొకటి. ఇప్పుడు మన బిడ్డలే ఫోనుల ద్వారా నడుమనుండువారు కాబోవుచున్నారు. నడుమనుండుట తప్పు కాదు. కొనువాడు చూడలేనిదానిని చూచి చెప్పినచో నడుమవాడు ఉపకారి. చూడకయే చెప్పినచో వెనుకటి దళారికిని ఇతనికిని భేదమేమి?

కావున సంఘములకు ఒక సూచన చేయుచున్నాము. ఏ క్రొత్త పనిముట్టునైనను సంఘము ఒకటి కొని, నల్లరేగడి, ఎఱ్ఱనేల, ఇసుకనేల గల ముగ్గురు సభ్యులచేత పరీక్షింపజేసి, ఫలితమును మినిట్సు పుస్తకమున వ్రాయవచ్చును. యువకులు దానిని ఆధారముగా గొని వ్రాయవచ్చును. వచ్చిన కమీషనులో పరీక్షకైన ఖర్చును సంఘమునకు చెల్లించి, మిగిలినది ఎంతో నోటీసుబల్లమీద మూడు నెలలకొకసారి ప్రకటింపవచ్చును. ఇందువలన యువకునికి ఆదాయము, సభ్యునికి నిజము, సంఘమునకు పరీక్షించిన పనిముట్టు దక్కును.

నా విషయమున ఒక మాట చెప్పి ముగించెదను. క్రిందటి యేడు కోతలకు ముందు బాబాయి మరల మా అరుగుమీదికి వచ్చి, "పట్టా యొకటి కావలెను, ఏది తీసికొందును?" అని అడిగెను. నేను లింకు పంపలేదు. మా కల్లములో రెండు వానలకు తడిసి నిలిచిన పట్టాను మడిచి ఆయన భుజముమీద పెట్టి, "ముందు కప్పి చూడు బాబాయీ, నచ్చిన అప్పుడు కొందువు గాని" అంటిని. ఆయన పదిదినములు వాడి, నచ్చినదని చెప్పి, నా లింకుద్వారానే కొనెను. కమీషను రు. 90లు వచ్చెను. ఆ వ్యాపారమున నేను గడించిన సొమ్ములో నాకు తృప్తినిచ్చినది అదియే.

సభలో చర్చించుటకు ప్రశ్నలు

1. కొన్నవాడు ఇచ్చు ప్రతిఫలమునకును, అమ్మినవాడు చాటుగా ఇచ్చుదానికిని భేదమేమి? సిఫారసు వ్యాపారమున ఆ భేదమును ఎట్లు నిలుపవచ్చును?

2. రు. 2,500ల వస్తువుపై నూటికి 5 చొప్పున 40 అమ్మకములు జరిగి, అందు 12 వాపసు వచ్చినచో చేతికి వచ్చు కమీషను ఎంత?

3. మీ గ్రామమున గత యేడు ఫోను చూచి కొన్న వస్తువులలో ఏవి నిలిచినవి, ఏవి చెడినవి? వానిని ఎవరు సిఫారసు చేసిరి? వారు వాడి చూచిరా?

4. విత్తనములను, పురుగుమందులను సిఫారసు వ్యాపారమునుండి వేఱుచేయవలెనను మా అభిప్రాయముతో మీరు ఏకీభవింతురా? కారణములు చెప్పుడు.